ఆదివారం నాటికి కాలువలో నీళ్లు లేవు

మొన్న జూన్‌లో కాలువ వంతెన మీద నా ఆటో ఆగిపోయింది. ముందెక్కడో సిమెంటు లారీ అడ్డం తిరిగిందట. ఎండని, లారీని, ఆ పూట బయల్దేరిన నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఇంతలో కిందనుంచి వాసన కొట్టింది. నెలన్నరపాటు ఎండి పగిలిన కాలువ అడుగుని కొత్త నీళ్లు తడిపితే వచ్చే వాసన అది. మట్టీ, కుళ్లిన గుర్రపుడెక్కా, ఎక్కడో చచ్చిన చేపా అన్నీ అందులో ఉంటాయి. ఆటో అతను ముక్కు మూసుకుని, “నీళ్లొదిలారండీ, రెండ్రోజులు ఇంతే” అన్నాడు. నాకు డాక్టర్ దేవసహాయం గారు గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్లలో సగంమంది ఆయన గురించి తప్పుగానే చెప్పుకున్నారు, ఆ ఉక్రోషం కూడా ఉంది నాకు.

డెబ్భైల్లో బెజవాడలో మా ఆసుపత్రిలో శవపరీక్షలు చేసే డాక్టరు ఆయన. ఎవరైనా అనుమానంగా చనిపోతే ఎలా పోయారో, ఎప్పుడు పోయారో పోలీసులకీ కోర్టుకీ రాసివ్వడం ఆయన పని. నేను డాక్టరు చదువు అప్పుడే పూర్తిచేసి ఆయన దగ్గర సహాయకురాలిగా చేరాను. చేరాను అనేకంటే పడేశారు అనడం నిజం. నేనడిగింది కాన్పుల వార్డు, వాళ్లిచ్చింది మార్చురీ. “శవాలు కోసే పిల్లని ఎవడు చేసుకుంటాడే” అని మా అమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. “చేసుకోకపోతే పీడా పోయె” అన్నాను. నాకు మొదటినుంచీ నోటి దురుసు. మొదటి రోజున మాత్రం ఆ నోరు పెగల్లేదు, వాకిట్లో తూము దగ్గర కూర్చుని వాంతి చేసుకున్నాను. దేవసహాయం గారు మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టి, “నేనైతే వారం రోజులు చేసుకున్నానమ్మాయ్. కంగారు లేదు, ఆయన ఎక్కడికీ పోడు, మొహం కడుక్కుని రా” అన్నారు. ఆయన అంటే లోపల బల్లమీదున్న శవం.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా లాంటిదే ఇస్త్రీ చేసి మార్చురీకీ వేసుకొచ్చేవారు. “మనింటికొచ్చిన మనిషి కదమ్మా, మాసిన చొక్కాతో ఎదురెళ్తామా” అనేవారు. ఆయనకో పట్టింపు ఉండేది. శవంతోపాటు పోలీసులు పంచనామా పంపుతారు. శవం ఎలా దొరికింది, ఎవరేమన్నారు, ఎవరిమీద అనుమానం అన్నీ ఆ కాగితంలో ఉంటాయి. మిగతా డాక్టర్లు ముందు అది చదివి తర్వాత కత్తి పట్టుకునేవారు. ఈయన ఆ కాగితాన్ని బోర్లా తిప్పి దానిమీద సిరాబుడ్డి పెట్టేవారు. శవం ఎక్కడ దొరికిందో ఒక్కటే అడిగి పనిలో దిగేవారు. ఆయన చెప్పింది నేను రాసి, ఆయన సంతకం పెట్టాకే కాగితం తిరగేసేవారు. మధ్యలో ఏ హెడ్ కానిస్టేబులో కథ మొదలెడితే, “ఆగవయ్యా, ముందు ఈయన్ని చెప్పనీ” అని బల్లవైపు చూపించేవారు. ఒకసారి నేను, “చదివితే ఏమవుతుందండీ, మన కళ్లు మనకున్నాయిగా” అన్నాను. “అది చదివాక మన కళ్లు మనవి కావమ్మా” అన్నారు.

ఆ పట్టింపుని ఆయన ఒక్కసారి వదిలేశారు. ఓ జూన్ నెల గురువారం గన్నవరం అవతల ఒక పల్లెనుంచి శవం వచ్చింది. ఆ రోజు ఆయనకి చలిజ్వరం. ఇంటికెళ్లమన్నాను, “ఈ ఎండల్లో రేపటిదాకా ఎక్కడ ఆగుతాడమ్మా” అన్నారు. వచ్చిన ఎస్సై కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు, నోరు ఆగడం లేదు. నిలబడే ఓపిక లేక స్టూలు మీద కూలబడ్డ దేవసహాయం గారు, “సరే, చదువు నాయనా” అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నేను ఆశ్చర్యపోయానే గాని అడ్డు చెప్పలేదు.

ఎస్సై చదివింది ఇదీ. చనిపోయినవాడు చలపతి. కాలువ గట్టు మీద గడ్డిని వేలంపాటలో పాడుకున్నాడు కాబట్టి ఆ గడ్డిలో ఎవరి పశువు మూతిపెట్టినా ఊరుకోడు. ఏలియా అనే కూలిమనిషి గేదెని, జరిమానా కడితేగాని విడవని బందెలదొడ్డికి తోలేశాడు. ఏలియా పెళ్లాం నిండు చూలాలు, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పాడీ. ఆదివారం సాయంత్రం, కాలువ నీళ్లని తలుపులతో ఆపే లాకు దగ్గర, టీకొట్టు ముందు ఇద్దరికీ మాటా మాటా పెరిగి, ఏలియా “చంపేస్తా” అంటూ కర్రతో చలపతి తలమీద కొట్టాడు. పదిమంది చూశారు. ఆ తర్వాత చలపతి ఎవరికీ కనబడలేదు. గురువారం పొద్దున లాకుకి దిగువన కాలువలో, వంతెన స్తంభానికి తట్టుకుని శవమై తేలాడు.

శరీరం ఉబ్బి ఉంది. తల వెనక ఎముక చిట్లింది. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు, అంటే నీళ్లు తాకకముందే ప్రాణం పోయింది. శనివారం బెజవాడలో కాలువలకి నీళ్లొదిలిన ఫొటో పేపర్లో మేమిద్దరం చూశాం. దేవసహాయం గారు వేళ్లమీద లెక్క వేసుకున్నారు. “నీళ్లలో నాలుగు రోజులు నానిన ఒళ్లమ్మా ఇది. రాసుకో. చనిపోయి నాలుగు రోజులు. చంపి నీళ్లలో వేశారు.” నేను నా గుండ్రటి అక్షరాలతో రాశాను, ఆయన సంతకం పెట్టారు. ఏలియాని ఆ సాయంత్రమే పట్టుకెళ్లారని తర్వాత తెలిసింది. అంతకుముందు రోజు వరకూ అతను మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. సోమవారం పొద్దున పెళ్లాన్ని కాన్పుకి తెచ్చి, బుధవారం సాయంత్రం తల్లీబిడ్డల్ని తీసుకెళ్లేదాకా వార్డు వరండాలోంచి కదల్లేదు. అయితేనేం, చలపతి ఆదివారమే పోయాడని మేం రాసిచ్చాంగా.

నెల తిరిగాక మా బాబాయి ఊరినుంచి ఓ సంచీ మామిడిపళ్లు తెచ్చాడు. బాబాయిది ఆ లాకు దిగువ ఊరే. వచ్చినప్పటినుంచీ ఒకటే సణుగుడు. “పేపర్లో ఫొటో వేసుకుంటే సరా? బెజవాడలో శనివారం వదిలారు, సంబరం. మా లాకు తలుపులు రిపేరని బుధవారం రాత్రిదాకా ఎత్తితే ఒట్టు. నారుమళ్లు మాడిపోయినాయి. ఆ వచ్చిన నీళ్లతోపాటే చలపతిగాడి శవం కూడా కొట్టుకొచ్చె, ఇంక ఆ నీళ్లు చేలో పెట్టుకోడానికి ఆడవాళ్లు ఒప్పుకోరు.” నా చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. “ఆదివారం మీ కాలువలో నీళ్లు లేవా బాబాయ్?” అన్నాను. “నీళ్లా? పిల్లలు గోళీలాడుకున్నారు” అన్నాడు. నాలుగు రోజులు నీళ్లలో నానాడని రాశాం. అక్కడ నానడానికి నీళ్లే లేవు. జూన్ ఎండలో ఆరుబయట పడున్న శరీరం ఒకటిన్నర రోజులోనే ఆ స్థితికి వస్తుంది. ఆదివారం నుంచి అక్కడే ఉండుంటే మేం చూసినదానికంటే ఎంతో పాడైపోయి ఉండేది. అంటే చలపతి పోయింది మంగళవారం. మంగళవారం ఏలియా మా వరండాలో ఉన్నాడు. నేను కాలువ గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని, బెజవాడలో వదిలిన నీళ్లు ఏ ఊరికి ఎప్పుడొస్తాయో ఎదురుచూసిన ఇంటి పిల్లని. హాస్టలు కుళాయి నీళ్లు తాగి ఆ సంగతే మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సిగ్గుపడి వెంటనే పరిగెత్తానని రాస్తే అబద్ధమవుతుంది. రెండు రోజులు నోరు మెదపలేదు. ఆయన అంతటివాడితో మీరు తప్పు రాశారని ఎలా చెప్పను? పైగా అది నా చేతిరాత. మూడోరోజు చెప్పాను. “బెజవాడలో వదిలితే అన్నిచోట్లా వచ్చేసినట్టే అనుకున్నానమ్మా. పట్నంవాడి బుద్ధి” అన్నారు. తర్వాత వచ్చిన ఆదివారం, జీవితంలో మొదటిసారి చర్చి మానేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

లాకు దగ్గర పనిచేసే లస్కరు, తలుపులు ఎత్తి దించే మనిషి, బుధవారం రాత్రి పదింటికి ఎత్తామని పుస్తకం తెచ్చి చూపించాడు. దేవసహాయం గారు లాకు గోడ మీద నిలబడి కిందికి చూశారు. ఇప్పుడు నిండా నీళ్లున్నాయి. “నీళ్లు లేనప్పుడు ఎంత లోతయ్యా?” “రెండు నిలువులుంటదండి. అడుగంతా రాతికట్టుడే.” “ఇక్కణ్ణుంచి ఎవరైనా పడితే?” “ఇంకేవుందండీ, తలకాయ పగుల్తది. గోడ కింద గుర్రపుడెక్కలో పడితే పైకి కనబడను కూడా కనబడడు. తాగినోళ్లు చుట్టూ తిరిగి పోలేక ఈ గోడమీద నుంచే దాటతారండి. మేం అరుస్తానే ఉంటాం.” చలపతి తాగేవాడు. తాగితే రెండేసి రోజులు ఇంటికి రాకపోవడం కూడా అలవాటేనట. తిరుగు బస్సులో గన్నవరం దాటాక ఆయన, “ఒకవేళ ఇది అసలు హత్యే కాదేమోనమ్మా” అన్నారు.

మర్నాడే సరిదిద్దిన అభిప్రాయం రాసి ఇన్‌స్పెక్టరుగారిని పిలిపించి చేతికిచ్చారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చదివి, మర్యాదగానే మాట్లాడాడు. “డాక్టరుగారూ, చార్జిషీటు వేసేశాం. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? వాడి వకీలుకి ఈ సంగతే తెలీదు. ఇప్పుడు మీరు మార్చారనుకోండి, జనం ఏమంటారు సార్? వాడూ మీరూ ఒకే చర్చి కిందికొస్తారు. మనోణ్ణి కాపాడుకున్నాడంటారు.” దేవసహాయం గారి మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆయన్ని గుచ్చాలంటే అంతకంటే సూటైన చోటు లేదు. పాతికేళ్ల ఉద్యోగంలో మావాడు మీవాడు అని ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపేసిన మనిషి, ఆ ఒక్క మచ్చ పడకూడదని బతికిన మనిషి. ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఫైల్లో చేరుస్తానని వెళ్లిపోయాడు. అది ఏ ఫైల్లోనూ చేరలేదు.

నెలలు గడిచాయి. నేనడిగినప్పుడల్లా, “రాసిచ్చాను కదమ్మా, నా బాధ్యత అయిపోయింది” అనేవారు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది. “మీరు రాసిచ్చారు, ఆయన మింగేశాడు. ఉరితాడు మాత్రం ఏలియా మెడకే పడుతుంది. మీ పేరుకి మచ్చ పడకూడదని ఒక మనిషిని పంపించేస్తారా?” అన్నాను. “నోరుమూసుకో! నీకేం తెలుసు?” అని గట్టిగా అరిచారు. ఆయన నన్ను కసరడం అదొక్కసారే. రెండు వారాలు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన చెబుతూ ఉంటే నేను రాస్తూ ఉండేదాన్ని, అంతే. అప్పుడు ఆయన్ని అసహ్యించుకున్నాను. ఈ వయసులో అయితే జాలిపడి ఉండేదాన్ని.

విచారణకి నాలుగు రోజుల ముందు ఏలియా భార్య సువార్త, బిడ్డకి దగ్గని చూపించడానికి ఆసుపత్రికొచ్చింది. మందు రాయించి, కావాలనే తిన్నగా దేవసహాయం గారి గదికి తీసుకెళ్లాను. ఒప్పుకుంటున్నాను, అది నా గడుసుతనమే. ఈయనెవరో ఆమెకి చెప్పలేదు. “మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?” అని అడిగాను. ఆమె నిలబడే చెప్పింది. “జైల్లో చూసొచ్చానండి. ‘పెద్ద డాక్టరుగారు ఆదివారవే పోయాడని రాశారంట. అయితే నా దెబ్బకే పోయుంటాడు’ అని ఏడుస్తన్నాడండి. దెబ్బ తిన్నాక ఆ చలపతి లేచి, తిట్టుకుంటా గట్టెంట ఎళ్లిపోయాడు కదా, నువ్వే చూశావు కదా అంటే, ‘పోయి ఎక్కడో పడుంటాడు, అంత చదువుకున్నోళ్లు తప్పు రాస్తారా’ అంటాడండి. బిడ్డనెత్తుకోమన్నాను. ‘మనిషిని చంపిన చేతులే, వద్దులే’ అన్నాడండి.”

దేవసహాయం గారు కుర్చీలోంచి లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. సువార్త కంగారుపడి, “ఏవైందండీ అయ్యగారికి?” అంది. తనకోసం తను బుకాయించుకోవడం కూడా చేతకాని ఆ అమాయకుడు, మా కాగితం మాట విని తన కళ్లను తనే నమ్మడం మానేశాడు. అది విన్నాక నాకూ అక్కడ నిలబడడం కష్టమైంది, ఆమెని బయటికి తీసుకొచ్చేశాను.

సెషన్సు కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలు, ఆనవాయితీగా, “ఈ రిపోర్టు మీరిచ్చిందేనా?” అని అడిగాడు. “నేనిచ్చిందే. అది తప్పండి” అన్నారు దేవసహాయం గారు. హాలంతా కలకలం రేగింది. కాలువ సంగతి, లాకు పుస్తకం సంగతి, ఎండ సంగతి అన్నీ నిదానంగా చెప్పారు. జ్వరంలో పంచనామా ముందే విని, ఆదివారం అన్న మాట బుర్రలో పెట్టుకుని శవాన్ని చూశానని కూడా చెప్పారు, అది ఎవరూ అడక్కపోయినా. వకీలుకి మండిపోయింది. “ముద్దాయి మీ మతంవాడు కాబట్టేగా ఇప్పుడు మాట మారుస్తున్నారు?” ఆయన తల ఎత్తారు. “నా మతంవాడు కాబట్టే ఇన్నాళ్లు నోరు మూసుకున్నానండి. లేకపోతే ఆ రోజే వచ్చి చెప్పేవాణ్ణి. అది నా రెండో తప్పు.” జడ్జీగారు కలం ఆపి ఆయన వైపు చూశారు. బోనులో ఏలియా తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. కొన్నాళ్లకి కేసు కొట్టేశారు, అతను ఇంటికెళ్లాడు.

అయితే నేను చెప్పదలుచుకున్నది అక్కడితో ఆగిపోదు. సాక్ష్యం చెప్పి వరండాలోకి వచ్చామో లేదో, చలపతి భార్య నాగరత్నం అడ్డం వచ్చింది. వచ్చీ రావడంతోనే ఆయన చొక్కా పట్టుకుంది. “పొద్దున లేస్తే ఆ ఏలియాగాణ్ణి తిట్టుకోందే పొయ్యి అంటించలేదయ్యా నేను. వాడికి శిచ్చ పడతదని ఒంటిపూట తిని కోర్టు చుట్టూ తిరిగా. ఇప్పుడు వాడు కాదంటివి. మరి నా మనిషిని ఎవరు చంపారు? అసలు చంపారా, పడ్డాడా? చెప్పు!” తాగి లాకు గోడమీంచి పడి ఉంటాడమ్మా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏదో ఒకటి చెప్పి పంపేస్తే ఆమెకీ నిమ్మళం, మాకూ నిమ్మళం. దేవసహాయం గారు చొక్కా విడిపించుకోలేదు. “నాకు తెలియదమ్మా. తెలుసుకోగలిగిన రోజున నేను సరిగ్గా చూడలేదు. ఇంక ఎవరూ చెప్పలేరు” అన్నారు. ఆమె శాపనార్థాలు పెట్టింది. పోలీసొచ్చి విడదీసేదాకా ఆయన అలా నిలబడే విన్నారు.

ఇన్‌స్పెక్టరు అన్నంతా అయింది. మనోణ్ణి కాపాడుకున్నాడన్నారు. సంజాయిషీ అడిగారు. మార్చురీ నుంచి తీసి మందుల గిడ్డంగిలో కూర్చోబెట్టారు, అక్కడే రిటైరయ్యారు. భవానీపురంలో చిన్న అద్దింట్లో ఉండేవారు, నేను వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని. ఒకసారి, “ఏదేమైనా ఒక ప్రాణం కాపాడారండీ” అన్నాను. చిరాకు పడ్డారు. “కాపాడ్డమేంటమ్మా? గోతిలోకి తోసిందీ నేనే, చెయ్యిచ్చిందీ నేనే. ఇంకోసారి ఆ మాటనకు.” మళ్లీ ఆయనే, “ఏలియా సంగతి సరే. ఆవిడకి మాత్రం ఏమీ ఇవ్వలేకపోయాను. తెలియదన్న మాట పట్టుకుని మనిషి ఎలా బతుకుతుందమ్మా?” అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక మాటలో ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

ఆయన పోయిన మరుసటేడు బాబాయి మనవరాలి పెళ్లికి ఆ ఊరు వెళ్లాను. పెళ్లిపందిట్లో విస్తళ్లు వేస్తున్న ముసలావిడ నా ముందు ఆగి, “నువ్వు ఆ డాక్టరుగారి దగ్గరుండేదానివి కదూ” అంది. నాగరత్నం. ఏం తిడుతుందో అని తలవంచుకున్నాను. ఆమె విస్తరి వేసి, నా పక్కన చతికిలబడింది. “ఆ పెద్దాయన పోయారంటగా. చాలా తిట్టానమ్మా ఆయన్ని. మా ఆయన చావు గురించి పోలీసులో మాట, ఊళ్లోవాళ్లో మాట, సోదె చెప్పేదో మాట. అందరికీ తెలుసు, అందరూ ఒట్లేసి చెప్పారు. తెలీదని నా మొహమ్మీద చెప్పింది ఆయనొక్కడే. నాకు చివరికి నమ్మబుద్ధయింది ఆ ఒక్కమాటేనమ్మా. అప్పణ్ణుంచే కాస్త నిద్ర పట్టింది.”

చెప్పి, ఆమె లేచి పక్క బంతికి విస్తళ్లు వేయడానికి వెళ్లిపోయింది. నేను అన్నం ముట్టలేకపోయాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టుల్లో, మార్చురీ గుమ్మాల్లో, “నాకు తెలియదు” అని చెప్పాల్సివచ్చింది. నవ్విన వకీళ్లున్నారు, తిట్టిన తల్లులున్నారు, చెప్పాను. ఆ ధైర్యం ఆయనిచ్చిందే. కానీ నాగరత్నం చెప్పిన మాట మాత్రం ఆయనది, నాది కాదు. ఒక్క ఏడాది ముందు నేను ఆ ఊరు వెళ్లి ఉంటే, మర్నాడే భవానీపురం వెళ్లి ఆయనకి అప్పజెప్పి ఉండేదాన్ని. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది.